లోపల ఇద్దరు

రాత్రి రెండున్నర. ఋషికొండ మీద మూడో అంతస్తు.
ఏసీ ఆపేశారు. కిటికీ తెరిస్తే
ఉప్పుగాలి వచ్చి కీబోర్డుకి జిగురు రాస్తోంది.
బల్లమీద, పోర్టులో క్రేన్‌కి ఉండాల్సిన పెట్టె:
అరచేయంత బోర్డు, నాలుగు తీగలు, ఒక ఎర్ర దీపం.
పదకొండు గంటలు బుద్ధిగా నడిచి
పన్నెండో గంటలో బిగుసుకుపోతుంది.
బొగ్గు బకెట్టు గాల్లో ఉండగా ఒకసారి అలాగే అయిందట,
కింద లారీలు గంటసేపు హారన్లు కొడుతూ.

ఆగిపోయే ముందు అది రాసిన చివరి మాట:
"అటామిక్‌లో ఉండగా షెడ్యూలింగ్."
అంటే,
నన్నెవరూ కదపొద్దని చెప్పి కూర్చున్నవాడు
తానే కునుకు తీయబోయాడు.

ఇక్కడి కట్టుబాటు చిన్నదే.
పని మధ్యలో ఎవరూ లేపకూడదనుకుంటే
ఒక అంకె పెంచాలి. అయ్యాక ఒకటి దించాలి.
పని లోపల పని, దాని లోపల ఇంకోటి,
ఎన్నిసార్లు పెంచితే అన్నిసార్లూ దించాలి.
సున్నా అయితేనే పక్కవాడికి వంతు.
ప్రిఎంప్ట్ కౌంట్ అంటారు.
నోటూ సాక్షీ లేని చేబదులు,
ఎగ్గొడితే కెర్నెల్ మొత్తం పూచీ.

సున్నా ఉండాల్సిన చోట నాకు ఒకటి కనిపిస్తోంది.
ఎవరు పెంచిందో తెలీదు.

ప్రింట్లు పెట్టాను. పెడితే బగ్ రాదు.
తీసేస్తే వస్తుంది.
పిల్లి అలికిడి వినాలని నేను ఊపిరి బిగబడితే
అదీ బిగబట్టినట్టు.

ఇంతలో కింది నుంచి ఫోన్. గేటు దగ్గర పోలారావు.
"మేడమ్, లోపల ఎంతమందున్నారండి?"
"నేనొక్కదాన్నే."
"నా రిజిస్టర్లో ఇద్దరున్నారు.
పొద్దున్న సూపర్‌వైజరొచ్చి లెక్కడిగితే
నానేటి సెప్పాలి?"
"ఎవరో సంతకం మర్చిపోయుంటారండీ, పనిలో ఉన్నాను"
అని పెట్టేశాను.

ప్రింట్లు మానేసి, చప్పుడు చేయకుండా
మెమరీలోనే ఒక మూల రాసుకోమన్నాను.
నాలుగు లక్షల వరసలు.
వెళ్ళేటప్పుడు సున్నా, వచ్చేటప్పుడు సున్నా.
వెళ్ళేటప్పుడు సున్నా, వచ్చేటప్పుడు సున్నా.
కళ్ళు మంటలు పుట్టాక, ఒక్కచోట
వెళ్ళేటప్పుడు సున్నా.
వచ్చేటప్పుడు ఒకటి.

సెన్సార్ పలకని ఒకే ఒక్కసారి అది.
పలక్కపోతే, ఎర్రర్ అని చెప్పి
అక్కడికక్కడే రిటర్న్ అయిపోయే దారి.
అంకె దించే వరస ఇంకా ఆరు వరసల కింద ఉంది,
ఎవరూ రారని తెలీక ఎదురుచూస్తూ.

ఈ దారి వేసిందెవరని చరిత్ర తిరగేశాను.
రెండేళ్ళ కిందట, ఒక శుక్రవారం సాయంత్రం,
నేనే.
"చిన్న మార్పు" అని కింద రాశాను కూడా.

నవ్వొచ్చింది. ఒక వరస చేర్చాను.
నాలుగింటికి పెట్టెని మళ్ళీ మొదటి గంటలో నిలబెట్టి
మెట్లు దిగాను.

పోలారావు స్కేలు పెట్టి రిజిస్టర్లో ఒక గీత చూపించాడు.
"ఆ రెండో మనిసి కూడా మీరేనండి.
నిన్న పొద్దున్న ఎల్లారు. బయటికి రానే నేదు."
నిన్న రాత్రి లిఫ్టు ఆగిపోయింది.
విసుక్కుంటూ వెనక మెట్ల మీంచి దిగి
చెత్త బండి వచ్చే గేటులోంచి వెళ్ళిపోయాను.

"టైమెంతని రాయను?"
"గుర్తున్నకాడికి రాసీయండి. కాలీ మాత్రం ఒగ్గేయకండి."

నిన్నటి నన్ను పది నలభైకి బయటికి పంపాను.
ఇవాళ్టి నన్ను నాలుగూ పదికి.
అతను స్కేలు తీసి, వేలితో రెండుసార్లు లెక్కపెట్టి,
సున్నా చుట్టాడు. గుండ్రంగా, తొందర లేకుండా.

బయట చీకట్లో సముద్రం.
లంగరేసిన ఓడలు, ఒక్కోదానికి ఒక్కో దీపం,
బెర్తు ఎప్పుడు ఖాళీ అవుతుందో అని.
పన్నెండో గంట మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది.
అప్పటిదాకా ఏమీ చెప్పలేను.